అవ్వ మాట కత్తిరించేదానికి ఏ సాఫ్ట్‌వేర్?

మన కుటుంబం గ్రూపులో పది దినాలుగా ఒకటే వాదన. ఇంట్లో పడివున్న పాత పెళ్ళి టేపులు, ఫోన్లలో నిండిపోయిన వీడియోలు సరిచేసి పిల్లలకు చూపించే మాదిరి చెయ్యాలంటే ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి అని. బెంగళూరులో ఇంజనీరింగు చదివే మా అన్న కూతురు సూటిగా అడిగింది: "చిన్నాయనా, ఎట్లా అయినా నేర్చుకునేదే కదా, సినిమావాళ్ళు వాడేదే నేర్చుకుంటే పోదా? ఫోన్‌లో ఉండే బొమ్మలాట యాప్‌తో ఎందుకు కాలం పోగొట్టుకోవాల?" దానికి మా పెద్దమ్మ కొడుకు, "విమానం నడపడం వస్తే మంచిదేగానీ, సంతకు పోయేదానికి టీవీఎస్ చాలు కదమ్మా" అన్నాడు. హోసూరు వాళ్ళం, టీవీఎస్ పేరు రాకుండా మాకు ఏ వాదనా ముగియదు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఇద్దరూ నేర్చుకునే మనిషిని గురించే మాట్లాడుతున్నారు. ఆ వీడియోలు ఎవరివి, ఇరవై ఏళ్ళ తరువాత వాటిని ఎవరు తెరుస్తారు అని ఎవరూ అడగలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి వీడియోల పనికి చిన్న సాఫ్ట్‌వేరే సరి. సులువని కాదు, ఇంట్లో పదిమంది చెయ్యి వెయ్యగలరు గనుక. పెద్దది కావలసిన పనులు కొన్ని ఉన్నాయి, అవేవో కింద చెప్తాను. అయితే రెండిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. నా దిగులంతా దాన్ని గురించే.

ముందు మన దగ్గర ఏముందో చూడండి. వీహెచ్ఎస్ టేపులు, చాలామటుకు పెళ్ళిళ్ళవి. చిన్న మినీడీవీ క్యాసెట్లు కొన్ని. తరువాత పదేళ్ళ ఫోన్ వీడియోలు. పెళ్ళి టేపుల్లో తాళి కట్టేది, భోజనాలు, వీడియోగ్రాఫరు ఇష్టపడి తిప్పిన పూల గుండ్రాలు. ఫోన్ వీడియోల్లో మాత్రం అవ్వ ఉంది, మాట్లాడుతోంది. అట్లా మాట్లాడే మనుషుల్లో ఇంక మిగిలింది చిన్నవ్వ ఒక్కతే. మన ఇండ్లలో పుట్టిన పిల్లలు ఆ మాట వింటే అర్థం చేసుకుంటారు, తిరిగి చెప్పలేరు. తమిళం బడిది, ఇంగ్లీషు చదువుది, కన్నడం బెంగళూరు బస్సుది. తెలుగు అవ్వది. అవ్వ పోతే తెలుగు ఎవరిది అనే ప్రశ్న మన ఇంట్లో వాదన కోసం వేసుకునేది కాదు.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అనేది చిన్న ప్రశ్న అనుకోను.

మన బంధువుల్లోనే ఒక ఇంట్లో జరిగింది చెప్తాను, పేరు వద్దు. ఒక అబ్బాయి, చాలా తెలివైనవాడు, ఆరేళ్ళ కింద టేపులన్నీ తీసుకొనిపోయినాడు. చేస్తే బాగా చేస్తాను, లేకపోతే వద్దు అన్నాడు. ప్రీమియర్ ప్రో నేర్చుకున్నాడు. రంగులు సరిచేసేది, అక్షరాలు ఎగిరివచ్చేది, అంతా నేర్చుకున్నాడు. మొదటి పదకొండు నిమిషాలు నిజంగానే అద్భుతంగా ఉన్నాయి, నేను చూసినాను. తరువాత ఉద్యోగం వచ్చింది, పెండ్లయింది, నెలనెలా కట్టే బాడుగ నిలిపేసినాడు. ఇప్పుడు ఆ పని తెరవాలంటే మళ్ళీ డబ్బు కట్టాలి, పైగా అతడే కూర్చోవాలి. వాళ్ళ అమ్మకు, చెల్లెలికి ఆ తెర చూస్తేనే భయం. అతడి తప్పేమీ లేదు. ఒక మనిషి చేతికి మాత్రమే లొంగే పనిముట్టును ఇంటి పనికి పెట్టుకుంటే, ఆ మనిషికి తీరిక ఉన్నన్నాళ్ళే ఆ పని నడుస్తుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్లను తక్కువ చేసి మాట్లాడటం లేదు. డావిన్సీ రిజాల్వ్ అనేది సినిమాల్లో రంగులు దిద్దేదానికి పుట్టింది. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ అనే ఆస్ట్రేలియా కంపెనీ దాన్ని కొనింది, ఇప్పుడు ఉచితంగా దొరికేదాంట్లోనే మనకు ఒక జన్మకు సరిపడా సదుపాయాలు ఉన్నాయి. కానీ 16 జీబీ మెమరీ, మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే అది సాఫీగా నడవదు. మన ఇండ్లలో ఉండేవి పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్‌లు. ఫైనల్ కట్ ప్రో ఆపిల్ కంప్యూటర్లో తప్ప నడవదు. ప్రీమియర్ ప్రోను అడోబీ వాళ్ళు 2013 నుంచి బాడుగకే ఇస్తున్నారు, కొత్తదాన్ని ఒకసారి కొనుక్కొని ఇంట్లో పెట్టుకునే వీలు లేదు. ఇంతా చేసి, అవ్వ వీడియోకు మనకు కావలసిందేమిటి? మొదట చివర అనవసరమైనది తీసేది, రెండు ముక్కలు కలిపేది, ఎవరెవరో పేర్లు వేసేది, మాట వినిపించేంత గొంతు పెంచేది, మామూలు ఎంపీ4 ఫైలుగా బయటికి తీసేది. ఈ అయిదు పనులూ ఫోన్‌లో ఉండే ఇన్‌షాట్ చేస్తుంది, ఐఫోన్ ఉంటే ఐమూవీ చేస్తుంది, విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ చేస్తుంది. కంప్యూటర్లో ఇంకొంచెం పట్టు కావాలంటే షాట్‌కట్, కెడెన్‌లైవ్ ఉన్నాయి, రెండూ ఉచితమే, రెండూ బాడుగ అడగవు.

"చిన్నవి నమ్మలేం, ఎప్పుడు మూసేస్తారో" అని ఒకరు గ్రూపులో రాసినారు. నిజమే. మనలో చాలామంది మొదట పట్టుకున్న విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఇవ్వడం మానేసింది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ పోయిందని అందరికీ గుర్తుంది, అదే జాబితాలో వీడియోలు కత్తిరించే వీవావీడియో కూడా పోయింది. దాంట్లో సగం చేసి పెట్టుకున్న పనులు ఉన్నవాళ్ళ గతి ఆలోచించండి. అయితే పెద్దవి మాత్రం నమ్మదగినవా? 2011లో ఆపిల్ ఫైనల్ కట్ కొత్తది విడుదల చేస్తే అది పాత ఫైనల్ కట్‌లో చేసిన ప్రాజెక్టులను తెరవనే లేదు. అదే బతుకుదెరువుగా ఉన్న ఎడిటర్లే గగ్గోలు పెట్టినారు. ప్రాజెక్టు ఫైలు అంటే వంటలో సగం ఉడికిన గిన్నె వంటిది, ఏ పొయ్యి మీదిది ఆ పొయ్యి మీదే. మిగిలేవి రెండే: తాకకుండా పెట్టుకున్న అసలు రికార్డు, పని ముగించి బయటికి తీసిన ఎంపీ4. ఈ లెక్కన త్వరగా ముగించనిచ్చే సాఫ్ట్‌వేరే గట్టిది.

ఇంక చిన్న సాఫ్ట్‌వేర్ల మీద నాకున్న కోపం. ఇవి అడక్కుండా మంచి చేస్తాయి. పాత టేపు బొమ్మ నాలుగుకు మూడు కొలతలో ఉంటుంది, ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది. ఐమూవీలో పాత బొమ్మ పెడితే అది తెర నిండేలా పైనా కిందా కోసేస్తుంది. పెళ్ళి ఫొటోకు వరుసగా నిలబడిన వాళ్ళలో వెనక వరుస తలలు పోతాయి. క్రాప్ టు ఫిల్ అని ఉన్నదాన్ని ఫిట్ అని మార్చాలి. పక్కన నల్లపట్టీలు వస్తే రానీండి. మా తాత తలకన్నా ఆ పట్టీలు అంత అసహ్యమేమీ కాదు. కొన్ని యాప్‌లు డబ్బు కట్టేదాకా మూలలో తమ పేరు ముద్ర వేస్తాయి. కొన్ని వాటంతటవే సంగీతం పెడతాయి.

తెలుగు అక్షరాలది వేరే తంటా. ఇది చిన్నవాటిలోనూ ఉంది, పెద్దవాటిలోనూ ఉంది. ప్రీమియర్‌లో దక్షిణాసియా లిపుల కోసం ఒక సెట్టింగ్ మార్చకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను: ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదట "కృష్ణగిరి, జ్యోత్స్న, స్త్రీ" అని టైపు చేసి చూస్తాను. మూడూ సరిగ్గా వస్తేనే ముందుకు. మన జిల్లా పేరే రాయలేనిది మన అవ్వ పేరు ఏం రాస్తుంది?

పిల్లలు దీన్ని ఒప్పుకోరని తెలిసినా, అసలు చెప్పదలచుకున్నది ఇది. అవ్వ చేత పితికిపప్పు చేసే విధానం చెప్పించి తీసిన వీడియో ఒకటుంది, 2014 నాటిది, అనపకాయల కాలంలో తీసింది. గింజలు రాత్రి నానేసి, పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి పితికితే పొట్టు చేతిలో, పప్పు గిన్నెలో. కెమెరా పెట్టినామని అవ్వ గొంతు సవరించుకొని రేడియో భాషలో మొదలుపెట్టింది: "అనపకాయలు తీసుకోవాలి, గింజలు వలుచుకోవాలి." అదేమీ మా ఇంటి మాట కాదు. నడుమలో దూడ తాడు విప్పుకొని పోతే చేతిలో గింజలు పెట్టుకొనే కేక వేసింది: "ఒరేయ్, దూడ ఇడిపించుకొనిందిరా, యాడ చూస్తాండావు, పట్టరా!" అదీ మా ఇంటి తెలుగు. మొత్తం పద్నాలుగు నిమిషాల్లో అది పది సెకన్లు.

తరువాత ఒక పిల్లవాడు దాన్ని చక్కగా కత్తిరించి, వేణువు సంగీతం పెట్టి, రెండున్నర నిమిషాల వీడియో చేసినాడు. గ్రూపులో అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. వంట బాగా అర్థమవుతుంది. దూడ లేదు. వంట విధానం ఏ పుస్తకంలో అయినా దొరుకుతుంది, ఆ కేక ఎక్కడ దొరుకుతుంది? ఆ పిల్లవాడు తప్పు చెయ్యలేదు, ఎడిటింగ్ అంటే ఏమని అందరూ నేర్పుతారో అదే చేసినాడు. అడ్డం వచ్చినదాన్ని తీసెయ్యడం.

ఇంకో వీడియోలో అవ్వను, "తాత పేరేంది అవ్వా?" అని ఒక పాప అడుగుతుంది. అవ్వ మొగుడి పేరు నోట చెప్పే మనిషి కాదు. నేల చూస్తుంది, నవ్వుతుంది, చెంగు సరిచేసుకుంటుంది, పక్కన కూర్చున్న అత్త వైపు చూస్తుంది. అత్త చెప్తుంది పేరు. ఎనిమిది సెకన్లు మాట లేదు. మౌనాలను గుర్తుపట్టి వాటంతటవే తీసేసే సదుపాయం ఇప్పుడు పెద్దవాటిలోనూ చిన్నవాటిలోనూ వచ్చింది, గొప్పగా చెప్పుకుంటారు. అది నొక్కితే అవ్వ ఠక్కున తాత పేరు అత్త గొంతుతో చెప్పించినట్లు అవుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో ఒక తరం ఆడవాళ్ళ బతుకుంది.

అందుకని, ఏ సాఫ్ట్‌వేర్ తెరిచే ముందైనా, అసలు రికార్డును పూర్తిగా రెండు చోట్ల పెట్టండి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకొకటి వేరే ఊళ్ళో వేరే బంధువు దగ్గర. ఫోన్‌లో మామూలు 1080 నాణ్యతలో తీసింది గంటకు నాలుగు నుంచి ఎనిమిది జీబీ అవుతుంది, మినీడీవీ క్యాసెట్ గంటకు 13 జీబీ. ఈ కాలం డిస్కులకు అది భారం కాదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు నలగకుండా పోతుంది. కత్తిరించిన చిన్నది ఎంత బాగా వచ్చినా పెద్దదాన్ని తుడిపెయ్యకండి. మన ఊరి పక్క ఒక స్టూడియోలో పాత పెళ్ళి అసలు టేపు అడిగితే, దాని మీదే ఇంకో పెళ్ళి తీసేసినామని చెప్పినారు. అతడికి అది టేపు, మనకు మనుషులు.

పెద్ద సాఫ్ట్‌వేర్ నిజంగా కావలసింది ఎప్పుడు? రెండు ఫోన్లతో, విడిగా మైకుతో తీసినదాన్ని ఒకటిగా జోడించాలన్నప్పుడు. ఎండలో తీసినదీ చీకటింట్లో తీసినదీ ఒక రంగుకు తేవాలన్నప్పుడు. గంట నిడివి దాటిన సినిమా లాంటిది చెయ్యాలన్నప్పుడు. ఇంకొకటి, చాలామందిని ఏడిపించేది: ఫోన్లు సెకనుకు ఇన్ని బొమ్మలని నికరంగా తీయవు, వెలుతురును బట్టి హెచ్చుతగ్గులుగా తీస్తాయి. అట్లాంటి ఫైలు పెద్ద సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అరగంట అయ్యేసరికి పెదవులు ఒక పక్క, మాట ఒక పక్క అవుతాయి. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత పనిముట్టులో వేసి బొమ్మల లెక్కను స్థిరం చేసుకోవాలి. పాత టేపుల్లో మనిషి కదిలితే అంచుల్లో దువ్వెన పళ్ళ మాదిరి గీతలు వస్తాయి, ఒక్కో బొమ్మ రెండు సగాలుగా రికార్డయి ఉండటం వల్ల. అదీ అక్కడే సరిచెయ్యవచ్చు. నాణ్యత చెడకుండా ముక్కలు తుంచేదానికి లాస్‌లెస్‌కట్, ఫ్యాను హోరు తగ్గించేదానికి ఆడాసిటీ. హోరు మరీ ఎక్కువ తీసెయ్యకండి, దానితోబాటు స, శ, హ కూడా కొట్టుకొనిపోయి మనిషి నీళ్ళలో మాట్లాడినట్లు ఉంటుంది. ఇవన్నీ ఒక్కో పని మాత్రమే చేసే చిన్న పనిముట్లు. వీటిలో ఒక్కోటి నేర్చుకునేదానికి ఒక ఆదివారం చాలు. కుటుంబానికి ఒకరో ఇద్దరో ఇవి నేర్చుకుంటే పెద్ద సాఫ్ట్‌వేర్ తలుపు తట్టే అవసరం ముప్పాతిక వంతు తగ్గిపోతుంది.

కింద వచ్చే మాటల గురించి ఒక్కటి. వాటిని వీడియోలోకి కలిపెయ్యకుండా విడిగా ఎస్ఆర్‌టీ ఫైలుగా రాయండి. అది మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసుకునే ఫైలు, వేళ, కింద మాట, అంతే. ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు, ఏ కంపెనీ మూతపడినా చెడదు. వీడియో పేరే దానికీ పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచితే వీఎల్‌సీలో దానంతటదే వస్తుంది. ఒకే వీడియోకు మూడు ఫైళ్ళు పెట్టుకోవచ్చు: అవ్వ చెప్పింది చెప్పినట్లు తెలుగు లిపిలో ఒకటి, తెలుగు చదవడం రాని మన పిల్లల కోసం అదే మాట తమిళ అక్షరాల్లో ఒకటి, అర్థం ఇంగ్లీషులో ఒకటి. తెలుగులో రాసేటప్పుడు "చూస్తాండావు" అన్నదాన్ని "చూస్తున్నావు" అని దిద్దకండి. యంత్రం రాసిచ్చే అక్షరాలను నమ్ముకుంటే అది దిద్దేస్తుంది, మన మాట అది ఎన్నడూ విని ఉండదు. ఈ పని పెద్దవాళ్ళు చెయ్యాలి, పిల్లలకు చేతకాదు. కంప్యూటర్ అంటే వెనక్కి పోయే మా అక్క నాలుగు వీడియోలకు కాగితం మీద రాసిచ్చింది, పిల్లలు టైపు చేసినారు.

అన్న కూతురికి నా జవాబు: నీకు ఇష్టముంటే రిజాల్వ్ నేర్చుకో తల్లీ, డబ్బు లేకుండా దొరికే విద్య, ఉద్యోగానికీ పనికొస్తుంది. కానీ దాన్ని నీ కాలేజీ వీడియోల మీద నేర్చుకో. చిన్నవ్వ వీడియో మాత్రం ఇంట్లో అందరూ తెరవగలిగే దాంట్లోనే చెయ్యి. నువ్వు ఏ దేశమో పోతే నీ తమ్ముడు అందుకోవాల.

టేపులు మాత్రం ఇంక ఆగవు. వీసీఆర్‌లు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే తయారీ ఆపేసింది. బాగలూరు ఇంట్లో ప్లేయర్ ఒకటి ఇంకా తిరుగుతోంది. వీహెచ్ఎస్‌లు ఉన్నవాళ్ళు సంక్రాంతికి వచ్చేటప్పుడు వెంట తీసుకొని రండి, మీద ఎవరి పెళ్ళో, ఏ సంవత్సరమో పెన్సిలుతో రాసి. బూజు పట్టిన టేపు ఏదైనా ఉంటే ముందే చెప్పండి, అట్లాంటిది ప్లేయర్‌లో వెయ్యం, హెడ్ చెడిపోతుంది. చిన్నవ్వ భోగి ముందు రోజు నుంచే వచ్చి ఉంటుంది. అనపకాయలు కూడా అప్పటికి సంతలో ఉంటాయి.